యతి దగ్గర తెగిన తెర

తెలుగులో పుస్తక సమీక్షల చివరి పేరా చాలావరకు ఒకేలా ఉంటుంది. ముఖచిత్రం బాగుంది, అచ్చుతప్పులు పంటికింద రాళ్లలా తగిలాయి, మలి ముద్రణలో సరిచేసుకుంటారని ఆశిద్దాం. ఆ పేరాని చూసి నవ్వుకుంటాం గానీ, పుస్తకం అంటే చేత్తో పట్టుకుని కంటితో చదివే వస్తువు కూడా అని మన విమర్శకి గుర్తుండేది అక్కడొక్కచోటే. ఇ-బుక్కులకి ఆ పేరా కూడా దక్కలేదు. కథనం, శిల్పం, దృక్పథం అన్నీ మాట్లాడతాం. తెర మీద ఆ వాక్యం అసలు ఏ రూపంలో కనపడిందో మాత్రం ఎవరూ రాయరు. ఇది ఆ చివరి పేరా. కాస్త పొడుగైంది.

పుస్తకం గోలకొండ కవుల సంచిక. సురవరం ప్రతాపరెడ్డి 1934లో తెచ్చింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకి జవాబుగా 354 మంది కవుల్ని ఒకచోట చేర్చి చూపించిన పుస్తకం. దాన్ని కవితా సంకలనంగా చదివితే సగమే చదివినట్టు. ఎక్కువ పద్యాలు సాధారణంగానే ఉంటాయి, కొన్ని మాత్రం బాగుంటాయి. దాని బలం వేరే. అదొక జనాభా లెక్క, సాక్ష్యాల దస్తావేజు. "ఉన్నాం" అని సంతకం పెట్టిన 354 మంది. అలాంటి పుస్తకానికి ఉండాల్సిన మొదటి గుణం, అందులో ఒక మనిషిని వెతికితే దొరకడం.

నేను చూసిన ప్రతి ఛత్రినాకలో, ఉప్పుగూడ వైపు గల్లీలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు సారు దగ్గరుంది. కొడుకు అమెరికా నుంచి తెచ్చిచ్చిన ఆరంగుళాల ఇ-రీడర్‌లో, స్కాన్ పీడీఎఫ్. ఆ రీడర్ చచ్చిపోయింది. ఇ-ఇంక్ తెరకి కరెంటు కావాల్సింది బొమ్మ మారడానికే, నిలవడానికి కాదు. అందుకే చచ్చిన ఇ-రీడర్ నల్లగా అయిపోదు, ఆఖరిసారి చూపించిన పేజీనే మొహాన పెట్టుకుని ఉంటుంది. దీని మొహాన ఒక ఉత్పలమాల ఉంది, అదీ సగం. సారు జూమ్ చేసి చదువుతున్నప్పుడు ఆగిపోయింది కాబట్టి నాలుగు పాదాల ఎడమ సగాలే తెర మీద మిగిలాయి. రెండో అక్షరాలు నాలుగూ ఒకదాని కింద ఒకటి కుదిరి ఉన్నాయి, అంటే ప్రాస ఉంది. తొమ్మిదో అక్షరం తర్వాత తెర అంచు. ఉత్పలమాలలో యతి పదో అక్షరం. ప్రాస ఉంది, యతి లేదు.

"ఏం చేసుడు నాయనా, పెద్దగ చేస్తే పద్యం పక్కకు పోతది, చిన్నగ చేస్తే కండ్లకు ఆనదు" అన్నాడాయన. తెలుగు ఇ-పుస్తకం గురించి నేను విన్న విమర్శల్లో ఇంతకంటే క్లుప్తమైంది లేదు.

లెక్క కూడా ఆయన పక్షమే. ఆరంగుళాల తెర అంటే నిజానికి 3.6 అంగుళాల వెడల్పు, 4.8 ఎత్తు. డెమ్మీ సైజు పేజీ వెడల్పు 5.5. ఆ పేజీ ఫొటోని ఈ తెరలో కుదిస్తే 12 పాయింట్ల అక్షరం ఎనిమిదికి దిగుతుంది. ఇంగ్లీషుకైతే ఎలాగో నెట్టుకురావచ్చు. మన అక్షరానికి కింద వత్తు, పైన గుడి, పక్కన సుడి. ఎనిమిది పాయింట్ల దగ్గర త వత్తుకీ న వత్తుకీ తేడా ఊహించుకోవడమే.

ముందు యంత్రం సంగతి. లాల్ దర్వాజ వైపు వెళ్లే దారిలో ఒక ఫోన్ రిపేర్ షాపుంది. అక్కడి కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి "అన్నా, ఇది ఫోన్ గాదు, ట్యాబ్ గాదు. డెడ్ సెట్. దీనికి ఫ్లాష్ ఫైలు నా దగ్గర లేదు" అన్నాడు. వెనక మూత విప్పడానికి ప్లాస్టిక్ పిక్కు, కొత్త మైక్రో ఎస్‌డీ కార్డు మాత్రం ఇచ్చాడు. కొన్ని ఇ-రీడర్లలో ఫర్మ్‌వేర్ అంతా బోర్డు మీద గుచ్చిన మామూలు మైక్రో ఎస్‌డీ కార్డులోనే ఉంటుంది. ఇది ఆ తరహాది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఫ్లాష్ మెమరీకి ఇన్నిసార్లే రాయగలమన్న హద్దుంది. ఏళ్ల తరబడి వాడాక దీని కార్డు అరిగి, బూటయ్యే చోటే కొన్ని సెక్టార్లు పోయాయి.

అదే మోడల్ కార్డు ఇమేజ్ ఇంకొకటి సంపాదించి, కొత్త కార్డులోకి యథాతథంగా దించేస్తే పని అయిపోతుంది అనిపిస్తుంది. అవ్వదు. ఇ-ఇంక్ ప్యానెల్‌కి వేవ్‌ఫామ్ అని ఒక పట్టిక ఉంటుంది. ఒక బూడిద రంగు నుంచి ఇంకో రంగుకి మారాలంటే, ఇంత ఉష్ణోగ్రతలో, ఏ వోల్టేజీ ఎంతసేపు ఇవ్వాలన్నది అందులో రాసి ఉంటుంది. అది ప్యానెల్ తయారైన బ్యాచ్‌ని బట్టి మారుతుంది. ఈ రీడర్‌లో ఆ పట్టికా, సీరియల్ నంబరూ పార్టిషన్లకి బయట, కార్డు మొదట్లో ముడి సెక్టార్లలో ఉన్నాయి. ఫైల్ మేనేజర్‌లో కనపడవు. పరాయి ఇమేజ్ వేస్తే బూటవుతుంది గానీ, అక్షరం పాలిపోయి, పాత పేజీ దెయ్యంలా వెనక కనపడుతుంది. కాబట్టి డీడీరెస్క్యూతో పాత కార్డులో చదవగలిగిందంతా చదివి, ఆ మొదటి భాగాన్ని దాచి, పోయిన బూట్‌లోడర్, కెర్నల్, సిస్టమ్ భాగాలు మాత్రం మంచి ఇమేజ్ నుంచి తెచ్చి కలపాలి. అదృష్టం, వేవ్‌ఫామ్ ఉన్న సెక్టార్లకి దెబ్బ తగల్లేదు. రెండు సాయంత్రాల పని. లేచింది.

పాత ప్రతుల్ని పరిష్కరించే పండితులు చేసేది కూడా ఇలాంటి పనే కదా అనిపించింది. శిథిల ప్రతిలో చదవగలిగింది ఉంచి, పోయినచోట ఇంకో ప్రతి నుంచి పూరించడం, ఏది దేన్నుంచి వచ్చిందో రాసిపెట్టుకోవడం. పోలికని ఇంతకంటే లాగను, తెగుతుంది.

యంత్రం లేచాక అసలు సంగతి బయటపడింది. స్కాన్ పక్కనపెట్టి ఒక యూనికోడ్ ఈపబ్ తెరిచాం. దాంట్లో అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు, వాక్యం తెర వెడల్పుకి తనే సర్దుకుంటుంది. కానీ కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో స్త్రీ అన్న మాట స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని విడివిడిగా నడిచొచ్చింది. వత్తులు కిందకి దిగలేదు. యూనికోడ్ తెలుగుని ఉచ్చారణ వరసలో దాస్తుంది. ఏ హల్లు ఏ హల్లు కింద చేరాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి అన్నది తేల్చే పొర వేరే ఉంటుంది. ఆ పొర లేని యంత్రానికి తెలుగంటే వరసగా నిలబెట్టిన గుర్తులే.

ఈ పొర ఎంత లోతున ఉంటుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని కూల్చేస్తోందని వార్త. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మళ్లీ మళ్లీ రీస్టార్టై ఇటుకలా మిగిలిపోయేది, కొందరికి సిస్టమ్ మొత్తం తిరిగి ఎక్కించుకోవాల్సి వచ్చింది. వార్తల్లో జ్ఞా అని రాశారు గానీ, మనం మామూలుగా టైపు చేసే జ్ఞా కాదది. జ, పొల్లు, ఞ తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి ఇరుక్కుని, ఆ తర్వాత దీర్ఘం. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో వకారం ట కిందకి జారిపోకుండా పట్టుకునే గుర్తే అది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. జోకులు చాలా వచ్చాయి, మనమూ వేసుకున్నాం. నాకు గుర్తుండిపోయింది మాత్రం, మన అక్షరం ఎలా కూర్చుంటుందన్నది ఫాంటు సోకు వ్యవహారం కాదనీ, ఫోన్ లేవడమా లేవకపోవడమా అన్నంత కింద నుంచి అది మొదలవుతుందనీ.

సారు రీడర్‌కి మందు కేఓరీడర్. వలంటీర్లు రాసే ఓపెన్ సోర్స్ చదువరి ప్రోగ్రాం. అక్షరాల్ని కూర్చే పని దాంట్లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ పెంచిన ప్రాజెక్టు. పేరు పారశీకం. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచిన. పాతబస్తీలో హర్ఫ్ అంటే అర్థం చెప్పక్కర్లేదు, సారుకి కూడా చెప్పాల్సి రాలేదు. అది ఎక్కించి, పొన్నాల, మండలి లాంటి ఉచిత ఫాంట్లు వేస్తే స్త్రీ స్త్రీలాగే కనపడింది.

ఇక్కడితో యంత్రం తప్పు తీరింది. మిగిలింది మన తప్పు. ఈ రీడర్‌లో పెట్టుకోవడానికి సరైన తెలుగు పాఠం ఎంతుంది? 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు జాబితాలో తెలుగు లేదు. దాని మీద బాధపడటం తేలిక. కానీ ఉండుంటే మన ప్రచురణకర్తలు ఏమిచ్చేవాళ్లు? దశాబ్దాలుగా మన పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారవుతున్నాయి. ఆ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు కోడ్‌లు. కాపీ చేసి ఇంకోచోట పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వస్తుంది. వెతికితే దొరకదు, పెద్దది చేస్తే సర్దుకోదు. అచ్చుకి పంపిన ఆ పీడీఎఫ్‌నే ఇ-బుక్ అని అమ్ముతున్నాం. కినిగె లాంటివి తెలుగువాళ్లకి ఇ-పుస్తకం కొనడం నేర్పాయి, అది చిన్న విషయం కాదు. కానీ పేజీ ఫొటోని పుస్తకం అనే అలవాటు కూడా ఈ పదిహేనేళ్లలో స్థిరపడింది. యూనికోడ్‌లో ఇస్తే కాపీ కొట్టేస్తారని ఒక భయం చెప్తారు. స్కాన్ పీడీఎఫ్‌లు టెలిగ్రామ్‌లో తిరుగుతున్నప్పుడు ఆ భయం ఎవర్ని కాపాడుతోందో నాకర్థం కాదు. డబ్బు కట్టిన పాఠకుడికే, అందులోనూ చూపు తగ్గిన పాఠకుడికే, అది శిక్ష.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లని నేను తిట్టను. అవి లేకపోతే చాలా పుస్తకాలు ఇవాళ అసలు లేవు. కానీ స్కాన్ అంటే పుస్తకాన్ని కాపాడటం, చదివించడం తర్వాతి మెట్టు. ఆ మెట్టు ఎక్కుతున్నది తెలుగు వికీసోర్స్ వాళ్లు. స్కాన్ పేజీ పక్కనే పాఠం పెట్టి, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. ఏ అక్షరం ఎవరు మార్చారో చరిత్రలో ఉంటుంది. చాలా ప్రచురణలకి లేని సంపాదకత్వం అది.

సంచికలో సారుకి కావాల్సిన పద్యాలు కొన్ని మేమే టైపు చేయడం మొదలుపెట్టాం. ఆయన చదువుతాడు, నేను కొడతాను. అరసున్నలు ఉండాల్సిందే అన్నాడు. ఛందస్సుకి వాటితో పనిలేదు కదా సార్ అంటే, "నీ లెక్క వేరు, నా కన్ను వేరు" అన్నాడు. ఉంచాం. అప్పుడు ఎదురైంది అసలు విమర్శ సమస్య. అక్షరం పెద్దది చేయగానే ఉత్పలమాల పాదం రెండు వరసలవుతుంది. నాలుగు పాదాలు ఎనిమిది వరసలు, అన్నీ ఎడమ అంచుకే. ఏది పాదం మొదలో, ఏది తునకో తెలీదు. ప్రాస నిలువుగా కనపడదు. అచ్చులో పద్యానికున్న రూపం పోయి అది వచన కవితలా కనపడుతుంది.

యతి దగ్గర విరిస్తే బాగుంటుంది కదా అనుకుంటాం. సంస్కృతంలో అయితే యతి అంటే విరామం, విరవచ్చు. తెలుగులో యతి విరామం కాదు, అక్షరమైత్రి. మన కవులు మాట మధ్యలో నుంచి యతిస్థానాన్ని దాటించేస్తారు, ఆ దాటించడంలోనే ధార ఉంటుంది. అక్కడ గీత గీసి విరిస్తే మాట తెగుతుంది. మాటల మధ్యే విరవాలి, విరిగిన తునకని నాలుగక్షరాల మేర లోపలికి జరపాలి. పాదం మొదళ్లు మాత్రమే అంచున నిలబడతాయి, ప్రాస మళ్లీ నిలువుగా కనపడుతుంది. ఈపబ్ స్టైల్ ఫైల్లో రెండు వరసల పని. నేను చూసిన తెలుగు పద్యాల ఈపబ్‌లు వేటిలోనూ ఆ రెండు వరసలు లేవు.

కందానికి ఈ బాధ తక్కువ, ఒకటీ మూడూ పాదాలు పొట్టివి. శార్దూలం, మత్తేభం ఉత్పలమాలలాగే. అందరికంటే సుఖంగా ఉన్నది, వింతగా, అన్నిటికంటే పొడుగైన సీసం. సీస పాదాన్ని అచ్చులోనే ఎప్పటినుంచో రెండు వరసలుగా వేస్తున్నారు, ఒక్కో సగానికీ దాని యతి దానికుంది. ఆరంగుళాల తెర మీద ఆ సగం సరిగ్గా ఒక వరసలో కూర్చుంది. సారు అద్దాలు తీసేసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివి, ఇంకో సైజు పెంచమన్నాడు. పెంచితే సీసం కూడా విరిగింది. ఒక సైజు తగ్గించి, చివరి తేటగీతి దాకా చదివాడు.