చేర్యాల నకాశీ పటం: మిశ్రమ మాధ్యమం, కథన విచ్ఛేదం

ఆధునిక చిత్రకళా విమర్శలో ‘మిశ్రమ మాధ్యమం’ అనే మాట వినగానే ఐరోపా గుర్తుకు రావడం పరిపాటి. 1912లో పికాసో తన చిత్రంలో మైనపుగుడ్డను, తాడును చేర్చిన ప్రయోగం దానికి తొలిమెట్టుగా పేర్కొనబడుతున్నది. ఓరుగల్లు సీమ నకాశీకి ఆ చరిత్రతో పని పడలేదు. గుడ్డ, మట్టి, గింజ, బంక, రంపపు పొట్టు, కొయ్య అతని చేతిలో మొదటినుంచీ కలిసే ఉన్నాయి. ఈ వృత్తికి పేరుపడిన చేర్యాల పూర్వపు వరంగల్లు జిల్లాలోనిది; 2016 పునర్విభజనలో సిద్దిపేట జిల్లాలో చేరింది. ఈ కళకు భౌగోళిక గుర్తింపు కూడా ఆ ఊరి పేరుమీదనే లభించింది. అయితే పటం ఏ ప్రయోజనం కోసం పుట్టిందో ఆ ప్రయోజనం తప్పుకున్నప్పుడు మాధ్యమానికి ఏమవుతుందన్నది గుర్తింపుతో తేలే విషయం కాదు.

పటానికి ముందుగా నేల సిద్ధం కావాలి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల అంబలి, బంకనీరు కలిపిన పూతను మూడుమార్లు పట్టిస్తారు. ఒక పూత పూర్తిగా ఆరిన తరువాతనే మరొకటి. అంబలి నేతలోని సందులను పూడ్చి గుడ్డకు బిగువునిస్తుంది, సుద్ద తెల్లదనాన్నిస్తుంది, బంక రెండింటినీ పట్టి ఉంచుతుంది. పూత మందమైతే చుట్టినచోట పగులుతుంది, పలుచనైతే రంగు గుడ్డలోనికి ఇంకిపోతుంది. గోడకు తగిలించే చిత్రానికి లేని నిబంధన ఇది. నలభై, యాభై అడుగుల పొడవుగల పటం ఊరూరా తిరగవలసిన వస్తువు. ఏళ్లతరబడి చుట్టబడుతూ, విప్పబడుతూ ఉండవలసినది. ఇక్కడ మాధ్యమాన్ని చిత్రకారుని అభిరుచి కన్నా కథకుని భుజమే ఎక్కువగా నిర్ణయించిందనాలి.

రంగుల విషయంలోనూ అంతే. వెనుకతలమంతా ఇంగిలీకపు ఎరుపు. నలుపు దీపపు మసినుంచి, తెలుపు శంఖపు పొడినుంచి, పసుపు పేవుడి రాతినుంచి, నీలం నీలిమందునుంచి వస్తాయి. ఉడుత వెంట్రుకల కుంచెతో రేఖ నేరుగా పడుతుంది. దేవునికి నీలం, దేవతకు పసుపు, రాక్షసునికి ముదురు వన్నె అన్న కట్టుబాటును కొందరు పరిమితిగా భావిస్తారు. ఆ అభిప్రాయం సరికాదు. దీపపు వెలుతురులో, దూరంగా కూర్చున్న శ్రోత పాత్రను ఒక్క చూపులో పోల్చుకోవాలి. ఇక్కడ రంగు చిత్రకారుని మనఃస్థితిని తెలిపేది కాదు, పాత్ర పేరును తెలిపేది.

నకాశీకి వేరే చిత్రశాల లేదు. ఇల్లే పనిచోటు, పూత వేయడం, రంగు నూరడం ఇంటిల్లిపాదీ పంచుకునే పనులు. బిడ్డ చూచి నేర్చుకుంటాడు. కాని ఆ ఇంట గీసిన పటం ఆ ఇంటిది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు దానిని గీయించుకుంటారు. మందహెచ్చులవారికైతే పటం బదులు బొమ్మలు కావాలి. కాటమరాజు కథకు సుమారు యాభై బొమ్మలు పొణికి కొయ్యతో, రంపపు పొట్టు కలిపిన చింతగింజల ముద్దతో తయారవుతాయి. జీర్ణించిన పటాన్ని లాంఛనంగా నీటిలో విడిచి కొత్తది గీయించుకోవడం ఆచారం. శాశ్వతత్వాన్ని కోరని కళ ఇది. కథ నిలవాలి, గుడ్డ పోవచ్చు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. కథకుల సంచారం తగ్గి, పటం గీయించుకునేవారు అరుదయ్యారు. హస్తకళల అంగళ్లకు ఒంటిదృశ్యపు చిత్రాలు, కొబ్బరిచిప్ప ముఖాలు, చిన్న అలంకరణ వస్తువులు కావాలి. బజారు రంగులు వచ్చాయి. పురాణ ఘట్టాల స్థానంలో బతుకమ్మ, కల్లు గీత, పొలం పని చోటు చేసుకున్నాయి. ధనాలకోటవారి వంటి నకాశీ కుటుంబాలు ఈ మార్గాన వృత్తిని నిలుపుకున్నాయి. దానిని తప్పుపట్టడం అన్నం తిన్నవారు ఆకలిగొన్నవారికి నీతి చెప్పడమే అవుతుంది. కాని కళాపరంగా జరిగిన నష్టాన్ని దాచనక్కరలేదు. పటంలో పూల అంచు రెండు దృశ్యాలను విడదీస్తూనే కలుపుతుంది, ‘ఆ తరువాత’ అన్న మాటలాగా. చట్రంలో బిగించిన ఒంటిచిత్రంలో అదే అంచు కేవలం అలంకారం. చదునైన ఎరుపు నేల కూడా అంతే. వరుస దృశ్యాలకు అది ఏకసూత్రం. విడిగా చూస్తే శైలీచిహ్నం మాత్రమే.

ఒంటిదృశ్యం తనంతట తాను లోపం కాదు. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) నకాశీ రేఖను ఆధునిక చిత్రంలోనికి తెచ్చినప్పుడు పటంలోని ముక్కను కోయలేదు. ఆ రేఖతో ఒంటిదృశ్యానికి తగిన కూర్పును కొత్తగా కట్టుకున్నాడు. అంగడి చిత్రాల్లో ఎక్కువగా కొరవడినది ఆ పునర్నిర్మాణమే. నేర్పు తరగలేదు, రేఖ సడలలేదు, నేల సిద్ధం చేసే ఓర్పు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. కథను ఏ రూపంలో తిరిగి అల్లాలన్న నిర్ణయం మాత్రం కొనుగోలుదారు కోరిన కొలత చేతికి వెళ్లింది.

ప్రదర్శనశాలల్లోని పాత పటాల స్థితి దీనికి మరో ముఖం. స్థలాభావం వల్ల ఒకటి రెండు దృశ్యాలు విప్పి, మిగిలిన భాగాన్ని చుట్టి ఉంచుతారు. ఆ దృశ్యం కింద పూతల వివరాలు, రంగుల పేర్లు, కాలం రాసి ఉంటాయి. తరువాతి దృశ్యాన్ని కర్రతో చూపవలసిన మనిషి అక్కడ లేడు.