పిల్లల మందు మోతాదు : యంగ్ సూత్రముపై విమర్శ

కాంతికి తరంగ స్వభావము కలదని ప్రయోగముతో చూపిన థామస్ యంగ్ (1773–1829) వృత్తిచే వైద్యుడు. భౌతికశాస్త్రములో ఆయన పేరు చదివిన విద్యార్థులలో పలువురికి, పిల్లల మందు మోతాదుకు కూడ ఆయన పేర ఒక సూత్రమున్నదని తెలియదు. బిడ్డ వయస్సును, ఆ వయస్సునకు 12 కలుపగా వచ్చిన సంఖ్యతో భాగించవలెను. ఆ భిన్నముతో పెద్దవారి మోతాదును గుణించవలెను. నాలుగేండ్ల బిడ్డకు 4/16, అనగా నాలుగవ వంతు. నర్సింగు పాఠ్యగ్రంథములలో ఈ సూత్రము నేటికిని కనిపించుచున్నది. కనుక దాని గుణదోషములను విచారించుట అవసరము.

మొదట గుణము. త్రాసు లేని ఇంట కూడ బిడ్డ వయస్సు తెలియును. లెక్క నోటితో చేయదగినంత సులభము. పెద్దవారి మోతాదు బిడ్డకు తగదని హెచ్చరించుటయే దీనివలన కలిగిన పెద్ద మేలు.

ఇక దోషము. ఒకే వయస్సు పిల్లల బరువు ఒకటిగా ఉండదు. నాలుగేండ్ల పిల్లలలో ఒకడు 12 కిలోలు, మరియొకడు 18 కిలోలు తూగవచ్చును. పెద్దవారికి పారసిటమాల్ 500 మిల్లీగ్రాములనుకొన్నచో, సూత్రము ఇద్దరికిని 125 మిల్లీగ్రాములే ఇమ్మనును. కాని కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు ఒక మోతాదని నేటి వైద్యుల లెక్క. మొదటివానికి ఆ మందు సరిపోవును. రెండవవానికి కనీసము 180 మిల్లీగ్రాములు కావలెను. అప్పుడే పుట్టిన శిశువునకైతే సూత్రము చెప్పు మోతాదు సున్న!

పౌండ్లలో తూచిన బరువును 150తో భాగించు క్లార్కు సూత్రము ఈ లోపమును కొంత సవరించినది. అయినను రెండింటికిని మూలమైన భావము ఒక్కటే: బిడ్డ అనగా కుదించిన పెద్దమనిషి అనుట. ఇది శరీరధర్మమునకు విరుద్ధము. నవజాత శిశువు శరీరములో సుమారు నూటికి 75 వంతులు నీరు. పెద్దవారిలో 60 వంతులు. మందును మార్చి బయటకు పంపు కాలేయము, మూత్రపిండములు పుట్టుకనాటికి పరిపక్వము కావు. క్లోరాంఫెనికాల్ ఇచ్చిన నవజాత శిశువులు, ముఖ్యముగా నెలలు నిండక పుట్టినవారు, కడుపుబ్బి, ఒడలు బూడిదరంగుకు తిరిగి మరణించిన సంగతిని 1959లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. మోతాదును బరువును బట్టియే లెక్కకట్టిరి. కాని లేత కాలేయము మార్చలేని మందు రక్తములో పేరుకొన్నది. ఇందుకు భిన్నముగా, రెండు మూడేండ్ల పిల్లల శరీరము థియోఫిలిన్ వంటి మందును పెద్దవారికంటె వేగముగా వదిలించుకొనును. కనుక అన్ని మందులకు, అన్ని వయస్సులకు వర్తించు భిన్నము లేదు. ప్రతి మందునకు వేరుగా పరీక్షించి నిర్ణయించిన మోతాదే ప్రమాణము.

లెక్క సరియైనను చెంచా దగ్గర అది చెడవచ్చును. ఇంటి చెంచాలన్నియు 5 మిల్లీలీటర్లు పట్టవు. ఉగ్గుగిన్నెతో పోసిన మందులో ఎంత లోపలికి పోయినదో, ఎంత గడ్డముపై కారినదో చెప్పలేము. అంతకంటె ప్రమాదము సీసాల తారుమారు. సాధారణముగా పారసిటమాల్ చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరునకే 100 మిల్లీగ్రాములుండును. సిరపులలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్నవి కలవు. సిరపనుకొని చుక్కల మందు 5 మిల్లీలీటర్లు పోసినచో, 10 కిలోల బిడ్డకు పెద్దవాని మోతాదు చేరును. ఇట్టి పొరపాట్లను తలచియే 2015లో అమెరికా శిశువైద్యుల అకాడమీ చెంచాల కొలతను విడిచి, ద్రవౌషధములను మిల్లీలీటర్లలోనే చెప్పవలెనని సిఫార్సు చేసినది.

పరిచర్య చేయువారు బిడ్డను తూచి, సీసాపై చీటి చదివి, ఏ బిడ్డకు, ఏ మందు, ఎంత, ఏ మార్గమున, ఏ వేళ అను అయిదింటిని సరిచూచుకొనవలెను. బిడ్డను కూర్చుండబెట్టి, సూది లేని సిరంజితో బుగ్గ ప్రక్కగా కొంచెము కొంచెముగా పోయవలెను. ముక్కు మూసి పోసినచో మందు శ్వాసనాళములోనికి పోవచ్చును. మందును మిఠాయి అని మభ్యపెట్టరాదు. వాంతి అయినచో వైద్యుని అడుగక మరల ఇయ్యరాదు.

యంగ్ సూత్రమునకు చరిత్రలో చోటున్నది, భిన్నముల పాఠములోను చోటున్నది. రోగి బిడ్డ ప్రక్కన మాత్రము లేదు. ఉపాధ్యాయులు విద్యార్థులచే ఇంటి చెంచాలను తెప్పించి, కొలజాడీతో ఒక్కొక్కటి ఎంత నీరు పట్టునో కొలిపించి, నల్లబల్లపై వ్రాయించినచో ఈ విషయము పిల్లలకు తేటపడును.