అడిగే వేళ

'ఈ సైట్ మీకు నోటిఫికేషన్లు పంపాలనుకుంటోంది' అంటూ బ్రౌజర్ పైభాగంలో చిన్న పెట్టె తెరుచుకుంటుంది. వార్త శీర్షికైనా చదవకముందే ప్రత్యక్షమయ్యే ఆ పెట్టెను చాలామంది చూడకుండానే మూసేస్తారు. దాని వెనక ఉండే జావాస్క్రిప్ట్ రాయడం నా రోజువారీ పని. పైకి చూస్తే ఒక్క లైను. రిక్వెస్ట్‌పర్మిషన్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే గ్రాంటెడ్, డినైడ్, డిఫాల్ట్ అనే మూడింటిలో ఏదో ఒక జవాబు వస్తుంది. అయితే ఆ ఒక్క లైనే క్రోమ్‌లో ఒకలా, ఫైర్‌ఫాక్స్‌లో ఒకలా, సఫారీలో ఇంకోలా నడుస్తుంది.

మొదట్లో ఈ ఫంక్షన్‌కు కాల్‌బ్యాక్ ఇచ్చేవాళ్లం. జవాబు వచ్చాక ఏం చేయాలో అందులో రాసేవాళ్లం. తర్వాత ప్రామిస్ పద్ధతి వచ్చింది: జవాబు సిద్ధమయ్యాక అందిస్తాననే హామీని ఫంక్షనే తిరిగిస్తుంది. 2016 నాటికి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దానికి మారాయి. సఫారీ మాత్రం చాలా ఏళ్లు పాత పద్ధతినే పట్టుకుని ఉంది. పాత సఫారీలో ఆ ఫంక్షన్ తిరిగిచ్చేది అన్‌డిఫైన్డ్, అంటే ఏమీ లేదని. దాని వెంట 'దెన్' అని రాస్తే ఎర్రర్ వచ్చి స్క్రిప్ట్ ఆగిపోతుంది. ఆగితే నయమే, కన్సోల్‌లో కనపడుతుంది. 'అవెయిట్' అని రాస్తే ఎర్రరూ రాదు. అవతల మనిషి ఆ పెట్టెలో ఏముందో ఇంకా చదువుతుండగానే, ఇవతల కోడ్ అన్‌డిఫైన్డ్‌ను చూసి 'ఒప్పుకోలేదు' అని తేల్చేస్తుంది. ఆ తర్వాత ఆయన అనుమతి ఇచ్చినా వినే దిక్కుండదు.

దీనికి విరుగుడుగా కొందరు బ్రౌజర్ పేరు కనుక్కుని దారి మారుస్తారు. నాకది నచ్చదు. పేర్లు, వెర్షన్లు మారుతూనే ఉంటాయి. నా దారి వేరు: కాల్‌బ్యాక్ ఇచ్చే ఫంక్షన్‌ను పిలవాలి, తిరిగి ప్రామిస్ వస్తే దానికీ కాచుకోవాలి. రెండింటినీ మనం కట్టిన ఒకే ప్రామిస్‌లో ముగించాలి. ప్రామిస్ ఒక్కసారే తేలుతుంది కాబట్టి రెండు వైపుల నుంచీ జవాబు వచ్చినా ఇబ్బంది లేదు. నాలుగైదు లైన్ల పని.

అసలు ఈ ఫంక్షన్ ఉండే 'నోటిఫికేషన్' అనే ఆబ్జెక్ట్ బ్రౌజర్‌లో ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఐఫోన్ సఫారీలో మామూలు ట్యాబ్‌లో అది ఉండదు. 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి, హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న వెబ్ యాప్‌లకు మాత్రమే ఆ సౌకర్యం దక్కింది. ఆండ్రాయిడ్ క్రోమ్‌ది ఇంకో తీరు. అనుమతి దొరికాక కూడా 'న్యూ నోటిఫికేషన్' అంటే టైప్‌ఎర్రర్ ఇస్తుంది, నేపథ్యంలో నడిచే సర్వీస్ వర్కర్ ద్వారానే చూపించాలి. అనుమతి స్థితిని చెప్పే పర్మిషన్స్ ఏపీఐని అడిగితే 'డిఫాల్ట్' బదులు 'ప్రాంప్ట్' అంటుంది. ఇవన్నీ గుర్తుపెట్టుకుంటే సరిపోయేవే.

గుర్తుపెట్టుకున్నంత మాత్రాన సరిపోని తేడా ఒకటుంది. 2019లో సఫారీ 12.1, 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 72 ఒక నియమం తెచ్చాయి: మనిషి ఏదైనా నొక్కితేనే అనుమతి అడగాలి. పేజీ తెరుచుకోగానే అడిగితే సఫారీ పెట్టెనే చూపదు, ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో చిన్న గుర్తు పెట్టి ఊరుకుంటుంది. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 కూడా గొంతు తగ్గించిన పెట్టెను తెచ్చింది. కారణం ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2019లోనే చెప్పింది: ఫైర్‌ఫాక్స్‌లో వచ్చే ఇలాంటి అభ్యర్థనల్లో దాదాపు 99 శాతానికి అంగీకారం దక్కడం లేదు. గుమ్మంలో అడుగు పెట్టకముందే 'మళ్లీ ఎప్పుడొస్తారు' అని చెయ్యి పట్టుకుంటే ఎవరికైనా చిరాకే. బ్రౌజర్లు జనం పక్షాన నిలబడ్డాయి, సరైన పనే చేశాయి.

ఇక్కడే కోడ్‌లో ఒక సున్నితమైన చోటు ఉంది. బటన్ నొక్కగానే ముందు సర్వర్ నుంచి ఏదో తెచ్చుకుని, ఆ తర్వాత అనుమతి అడిగితే ఆలస్యమైపోవచ్చు. మనిషి వేలికీ అభ్యర్థనకూ మధ్య లంకె తెగిందని సఫారీ తిరస్కరిస్తుంది. నొక్కిన క్షణానే అడగాలి, మిగతా పనులు తర్వాత. 'డినైడ్' అని ఒకసారి వచ్చాక ఎన్నిసార్లు పిలిచినా పెట్టె తెరుచుకోదు. అందుకే అడిగే ఆ ఒక్క అవకాశాన్ని వృథా చేయకూడదు.

ఇంటర్ ఫలితాలు చూపే సైట్‌నే తీసుకోండి. ఫలితాలింకా రాలేదని తెలిసిన విద్యార్థికి 'రాగానే నాకు చెప్పండి' అని తెలుగులో ఒక బటన్ కనపడితే అవసరమున్నవాళ్లు నొక్కుతారు. బ్రౌజర్ పెట్టెలోని మాటలు మన చేతిలో లేవు, ఈ బటన్ మీది మాటలు మనవే. అనుమతి అడిగే లైను ఈ బటన్ వెనక్కి వెళ్లగానే సఫారీ, ఫైర్‌ఫాక్స్‌ల నియమమూ తీరిపోతుంది, మనిషికి మర్యాదా దక్కుతుంది. ఈ పని చేసే మిత్రులకు నా మనవి ఒక్కటే: పేజీ తెరుచుకోగానే అడిగే ఆ లైనును ఈ వారమే తీసేయండి.

పాఠకులకూ ఒక మాట. ఎప్పుడో బ్లాక్ నొక్కిన సైట్ నుంచి ఇప్పుడు కబుర్లు కావాలంటే ఆ సైట్ తనంతట తాను మళ్లీ అడగలేదు. అడ్రస్ పక్కనున్న గుర్తును నొక్కో, బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లో మీరే అనుమతి మార్చాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో బ్రౌజర్‌కే నోటిఫికేషన్లు ఆపి ఉంటే అవీ తెరవండి, లేకుంటే సైట్‌కు అనుమతి ఇచ్చినా ఏదీ రాదు.