కార్ఖానా గేటు దాటిన తరువాత: ఫ్రెంచి చిత్రాలలో సామాన్య జీవితం

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన లఘుచిత్రాలలో ఒకటి, లియోన్ నగరంలోని ఒక కార్ఖానా నుంచి కార్మికులు బయటికి వచ్చే దృశ్యం. ఆ కార్ఖానా లూమియేర్ కుటుంబానిదే. కార్మికులను చూస్తున్న కెమెరా యజమానిది. నిమిషమైనా నిండని ఆ చిత్రంలో స్త్రీపురుషులు గేటు దాటి తెర అంచుల వద్ద అదృశ్యమవుతారు. ఇంటికి వెళ్లి వారు ఏమి వండుకున్నారో, దేనికి నవ్వుకున్నారో ఆ కెమెరాకు తెలియదు. ఆ మనుషుల వెంట ఇంటి దాకా నడిచే ప్రయత్నం తరువాతి కాలపు ఉత్తమ ఫ్రెంచి చిత్రాలు కొన్ని చేశాయి. సామాన్యుని జీవితాన్ని ఇతివృత్తంగా స్వీకరించడం తేలిక. అతనిని ఏ స్థానం నుంచి చూడాలన్నదే కఠినమైన ప్రశ్న.

ఫ్రాన్స్వా త్రుఫో 1959లో నిర్మించిన 'ఫోర్ హండ్రెడ్ బ్లోస్'లో ఆంత్వాన్ అనే బాలుడు ఇరుకు ఇంటిలో చెత్తబుట్ట దించివస్తాడు, బడిలో శిక్షలు పొందుతాడు. ఒక రాత్రి తల్లిదండ్రులతో సినిమాకు వెళ్లి, తిరుగుదారిలో కారులో ముగ్గురూ పగలబడి నవ్వుకుంటారు. ఆ ఆనందం వారి కష్టాలలో ఒక్కటి కూడా తీర్చదు. అయినా దర్శకుడు దానిని తొందరపడి ముగించడు. తరువాత సంస్కరణ గృహంలో మనస్తత్వ నిపుణురాలు బాలుని ప్రశ్నించే ఘట్టంలో ఆమె గొంతు మాత్రమే వినిపిస్తుంది. తెర మీద ఉండేది బాలుని ముఖమే. విచారణగా మొదలైనది అతను మనసు విప్పే అవకాశంగా మారుతుంది.

ఆన్యెస్ వార్దా 2000లో తీసిన 'ది గ్లీనర్స్ అండ్ ఐ' ఈ దృష్టిని మరింత ముందుకు తీసుకుపోయింది. కోతలయిన పొలంలో మిగిలినదానిని ఏరుకోవడాన్ని తెలుగువారు పరిగె ఏరడమంటారు. ఈ డాక్యుమెంటరీ ఇతివృత్తం సరిగ్గా అదే. ఆకారం సరిగా లేదని పారబోసిన బంగాళాదుంపలు, సంత ముగిశాక నేల మీద మిగిలిన కూరగాయలు, వాటితో కడుపు నింపుకొనే మనుషులు ఇందులో కనిపిస్తారు. వారిలో ఒక ఉన్నత విద్యావంతుడు పగలు సంతలో ఏరుకొని తిని, సాయంత్రం వలస వచ్చినవారికి ఉచితంగా ఫ్రెంచి నేర్పుతాడు. డెబ్బై దాటిన వార్దా ఒక చేతితో చిన్న డిజిటల్ కెమెరా పట్టుకొని, ముడతలు పడిన తన రెండవ చేతిని చిత్రిస్తుంది. బొమ్మలు ఏరుకొనే తానూ ఒక పరిగె మనిషేనని ఆమె భావన. 2002లో మరొక చిత్రం కోసం ఆమె తిరిగి ఆ మనుషుల వద్దకు వెళ్లడం ఆ భావన ఎంత నిజమైనదో తెలుపుతుంది.

స్తెఫాన్ బ్రిజె చిత్రం 'ది మెజర్ ఆఫ్ ఎ మాన్' 2015లో వచ్చింది. ఉద్యోగం పోయిన తియెరి చాలాకాలం వెతికి, చివరకు ఒక సూపర్ మార్కెట్‌లో కాపలాదారు అవుతాడు. నిఘా కెమెరాల ద్వారా కొనుగోలుదారులనూ తోటి ఉద్యోగులనూ కనిపెట్టడం అతని పని. యజమాని కెమెరా మళ్లీ వచ్చింది. ఈసారి దాని వెనుక కూర్చున్నది శ్రామికుడే. భార్యతో కలిసి నృత్యం నేర్చుకునే తియెరి ముఖంలోని సంకోచం, సంతోషం ఏ నిఘా తెరకూ అందనివి. అవమానాల పరంపర కొన్నిచోట్ల వాదానికి సాక్ష్యాలు పేర్చినట్లు తోస్తుందన్న లోపం లేకపోలేదు. ప్రధాన పాత్రధారి వాన్సాఁ లాఁదోఁ సంయమనం, అధికభాగం వృత్తినటులు కాని సహపాత్రధారుల సహజత్వం చిత్రాన్ని నిలబెట్టాయి. చివరకు తియెరి ఉపన్యాసమేమీ చేయకుండా ఆ కొలువు విడిచి వెళ్లిపోతాడు.

ఈ మూడు చిత్రాలలోనూ సామాన్యుడు జాలికి పాత్రుడుగా గాని, ఆదర్శమూర్తిగా గాని కనిపించడు. కష్టం, సుఖం ఒకే దినంలో, ఒకే ఇంటిలో కలిసి ఉంటాయి. పేదరికాన్ని అంకెలలోను, నివేదికలలోను చూడడం పాలనకు అవసరం కావచ్చు. ఆ అంకెల వెనుక మనిషి రాత్రి కారులో ఎందుకు నవ్వాడో తెలియాలంటే, అతనిని కనిపెట్టే కన్ను చాలదు. అతని పక్కన కూర్చొనే కన్ను కావాలి.