ముల్లును ఆఖరున అనుమానించేవాడు

ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు 100 కిలోమీటర్లు, మధ్యలో ఆత్మకూరు. ఈ మెట్ట దారిలో ముల్లు పావు ట్యాంకు చూపిస్తుండగానే కారు ఆగిపోతే, డ్రైవరు తిట్టేది ముల్లునే. ఆటో ఎలక్ట్రీషియన్ మాత్రం దాన్ని ఆఖరున అనుమానిస్తాడు.

ముందు ప్రశ్నలు. ముల్లు అసలు లేవడం లేదా? గతుకుల్లో ఎగిరిపడుతోందా? ఒక్కచోటే తడబడుతోందా? సగం రోగం ఈ జవాబుల్లోనే బయటపడుతుంది. ట్యాంకులో ఇంధనం మీద తేలే ఫ్లోట్, దాని చేయి రాసుకుంటూ కదిలే రెసిస్టెన్స్ పట్టీ, ఇంతే సరంజామా; దీన్నే సెండర్ అంటారు. పట్టీ ఎక్కడ అరిగితే ముల్లు అక్కడే తప్పుతుంది. టెంపరేచర్ మీటరు కూడా కలిసి తప్పుతుంటే చూపు డాష్‌బోర్డుకు వచ్చే కరెంటు మీదికి మళ్లుతుంది.

చాలా చిన్న కార్లలో ట్యాంకు వెనక సీటు కిందే. మూత తీసేముందు బ్యాటరీ వైరు విప్పుతాడు, బీడీ వెలిగించబోయినవాణ్ణి అవతలికి తరుముతాడు. పెట్రోలు ఆవిరితో వేళాకోళం లేదు మరి. సెండర్‌ను బయటికి తీసి, మల్టీమీటరు తగిలించి, ఫ్లోట్‌ను కింది నుంచి పైకి నెమ్మదిగా లేపుతాడు. ఓముల అంకె వరసగా మారాలి. మధ్యలో తెగిందా, దొంగ దొరికినట్టే.

ఒక్కోసారి తప్పంతా తుప్పుపట్టిన ఎర్త్ వైరుదే. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరి. అలాంటప్పుడు కొత్త మీటరు అంటగట్టనివాడే మంచి పనివాడు.

చివరి పరీక్ష బంకులో. వాలులో ఇంధనం ఒక పక్కకు చేరుతుంది కాబట్టి కారును చదునుగా నిలిపి, ఐదైదు లీటర్లు పోయిస్తూ ముల్లు ఎంత లేచిందో చూస్తాడు.