కర్చీఫ్ వేయడం కుదరని సీటు

ఒకప్పటి రెసిడెన్సీ బజార్, ఇప్పటి సుల్తాన్ బజార్. ఇక్కడ చీర కొనే ఇల్లాలు మడతలన్నీ విప్పిస్తుంది, గుమ్మంలోకి తెచ్చి ఎండలో రంగు చూస్తుంది, చెప్పిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెడుతుంది. అదే ఇల్లాలు విమానం టికెట్టు తీసుకునేటప్పుడు ఫోన్‌లో కనిపించిన కిటికీ సీటు మీద వేలు పెట్టి, అడిగినంతా కట్టేస్తుంది.

ఈ కాలమ్ రాసేవాడూ అలా కట్టినవాడే. మే నెల సాయంత్రం ఢిల్లీ వెళ్తూ ఎడమవైపు కిటికీ కొన్నాడు. విమానం ఉత్తరానికి పోతోంది కదా, పడమటి ఎండ చెంప మీదే కాసింది. తెర దించాడు. ఎత్తినా కనిపించేది రెక్కే! కోఠిలో నీడ పక్క చూసుకుని బస్సు సీట్లో కర్చీఫ్ వేసే తెలివి శంషాబాద్ దాకా వెంట రాలేదు.

నిజానికి లెక్క అదే. పొద్దున ఉత్తరానికి వెళ్తే ఎండ కుడివైపు, సాయంత్రం ఎడమవైపు. తిరుపతికైతే తిరగేసుకోవాలి. కుదుపులకు భయపడేవాళ్లకు రెక్కల దగ్గరి వరసలు మేలు; విమానం బరువు తూగేది అక్కడే. తోక వైపు ఊపు ఎక్కువ. ఎర్రబస్సులో వెనక సీటెక్కినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

విమానం రకం కూడా చూడాలి. ఎయిర్‌బస్ ఏ320లో నడవాకు అటు మూడు, ఇటు మూడు సీట్లు. బి, ఇ అక్షరాలొస్తే మధ్యలో ఇరుక్కున్నట్టే. చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్‌లో రెండేసి సీట్లే, నడిమి సీటు బాధ లేదు. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి నేల బాగా కనిపిస్తుంది. ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచే. ముందు వరసకు డబ్బు కట్టినవాళ్లు చివర దిగుతారు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో డ్రీమ్‌లైనర్ కూలినప్పుడు, అందులోని 242 మందిలో 11ఏలో కూర్చున్న ఒక్కరే బతికారు. ఆ తర్వాత ఆ నంబరు కావాలని అడిగినవాళ్లున్నారు. ఆ విమానంలో 11ఏ ఎమర్జెన్సీ తలుపు పక్కనుంది. ఇంకో విమానంలో అది మామూలు కిటికీ సీటే కావచ్చు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక మాట. ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, పన్నెండేళ్ల లోపు పిల్లల పక్కన అమ్మానాన్నల్లో ఒకరికైనా సీటివ్వాలని 2024లో డీజీసీఏ విమాన సంస్థలను ఆదేశించింది. పక్క సీటు కోసం డబ్బు కట్టే ముందు ఈ సంగతి గట్టిగా అడగండి.