ఓర్పు ముందే మాట్లాడింది

ఈ వారం ఒక కుర్ర కవి తన తెలుగు సానెట్‌ను చదవమని పంపాడు. పద్నాలుగు పాదాలూ ఉన్నాయి, అంత్యప్రాస ఎక్కడా తప్పలేదు. అయినా చదివాక చిరాకేసింది. మొదటి పాదంలో ఉన్న విరహమే పద్నాలుగో పాదంలోనూ ఉంది. మనసు ఉన్నచోటు నుంచి కదల్లేదు.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పట్టు తెలిసిందే: పద్యానికి ప్రాణం లెక్కలో ఉండదు, మలుపులో ఉంటుంది. సీసపద్యం ప్రస్తావన వచ్చినప్పుడల్లా దాని చివరి ఎత్తుగీతి దగ్గర నేను ఆగేది అందుకే. సానెట్‌కు ఆద్యుడిగా చెప్పే జాకొమో ద లెంతీని 13వ శతాబ్దపు సిసిలీ ఆస్థానంలో నోటరీ. దస్తావేజులు రాసిన చేయి అది. ఎనిమిది పాదాల్లో వాదం, ఆరు పాదాల్లో జవాబు. ఇటాలియన్ కవి పెట్రార్క్ ఆ కట్టడిని నిలబెట్టాడు. ఇంగ్లీషులో ప్రాసపదాలు ఇటాలియన్‌లో దొరికినంత విరివిగా దొరకవు. అందుకే అక్కడ ప్రాసల అల్లిక సడలి, చివర రెండు పాదాల జంట స్థిరపడింది. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లు 154లో దాదాపు అన్నీ ఆ తీరువే.

కాలేజీలో మా మాస్టారు మిల్టన్ అంధత్వం మీద రాసిన సానెట్ చెప్పిన రోజు గుర్తొచ్చింది. 1652 నాటికి మిల్టన్‌కు చూపు పూర్తిగా పోయింది. వెలుగు లేనివాడిని కూడా దేవుడు పని అడుగుతాడా అని కవి గొణుగుతాడు. తొమ్మిదో పాదంలో రావలసిన జవాబు ఎనిమిదో పాదం నడుమే మొదలవుతుంది. జవాబు చెప్పేది ఎవరు? ఓర్పు! ఆ గొణుగుడు ముగిసేదాకా ఓర్పే ఆగలేకపోయిందంటూ మాస్టారు ఆ పాదాన్ని మళ్లీ చదివారు.

ఆ సానెట్‌ను ఈ వారం పైకి చదువుతుంటే ఇంకొకటి వినపడింది. ఎనిమిదో పాదం చివర మోగేది మొదటి పాదం ప్రాసే. ఓర్పు మాట అందుకున్నా, గొణుగుడు ప్రాస ఇంకా ఆగలేదు. ఆ వరుస అంత గట్టిగా లేకపోతే జవాబు ముందే వచ్చిందని చెవికి ఎలా తెలుస్తుంది? మలుపు వినపడాలంటే లెక్క ఉండాలి. లెక్క లేనిచోట మలుపూ లేదు.

తెలుగులో మరీ జాగ్రత్త కావాలి. ‘వచ్చింది, పోయింది’ అని క్రియలతో ముగిస్తే అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికింది చెవిలో నిలవదు. ఆ అబ్బాయికి ఇలా రాశాను: పాదాన్ని క్రియతో ముగించకు. తొమ్మిదో పాదంలో ప్రాస మార్చు. అది మారేచోటే విరహం నుంచి కోపానికో క్షమకో నడువు. రాశాక ఎవరికైనా చదివి వినిపించు. మలుపు ఎక్కడుందో కాగితం చూడకుండా వాళ్లు చెప్పగలగాలి.